ఎలుగు భూషయ్య వెనక సీటు

2011 నవంబరు 9, బుధవారం. కార్తీక పౌర్ణమికి ముందురోజు. పొద్దున్నంతా చెట్లు ఉన్నాయో లేవో తెలియనంత మంచు. తొమ్మిది దాటాక ఎండ వచ్చింది, అదీ నీళ్ళు కలిపిన పాలలా పలచగా. ఇంత కచ్చితంగా తేదీ ఎందుకంటారా పిల్లలూ? అనగనగా అనగానే ‘ఎప్పుడు, ఎప్పుడు’ అని నన్ను నిలదీసేది మీరే కదా! అందుకని ముందే చెప్పేశాను.

అనగనగా ఆ రోజున, తూర్పు కనుమల మీద ఒక అడవిలో, ఘాట్ రోడ్డు కిందికి దిగడం మొదలయ్యే చోట, ఎలుగుబంటి భూషయ్య తన షెడ్డు తలుపు తీశాడు.

షెడ్డులో మూడు మోటారు సైకిళ్ళున్నాయి. వాటిని బాగుచేస్తూ, నడుపుతూనే భూషయ్య ముసలివాడయ్యాడు. ఇప్పుడు కళ్ళకి పొర కమ్ముతోంది. ఎంత ఎండ కాసినా ఆయనకి అడవంతా మంచులో ఉన్నట్టే ఉంటోంది.

ఆయన ఇద్దరిని పిలిచాడు. ఒకడు మేనల్లుడు గుండప్ప. వాడూ ఎలుగే, మేనమామ కన్నా లావు. రెండోది షెడ్డులో పని నేర్చుకుంటున్న చిరుతపిల్ల చుక్కమ్మ.

“ఈ కొండ దిగితే సముద్రం వస్తుంది,” అన్నాడు భూషయ్య. “చూపు పూర్తిగా పోకముందే ఒక్కసారి చూడాలని ఉంది. నేనిక నడపలేను. మీకు నచ్చిన బండి ఎంచుకోండి. నన్ను అక్కడికి తీసుకెళ్ళి, క్షేమంగా ఇంటికి తెచ్చినవాళ్ళకే ఈ షెడ్డు.”

షెడ్డు రేకుల మీద కాకి కబురయ్య కూర్చుని వింటున్నాడు. ఏ బండి ఎంత వేగం పోతుందో, దేనికి ఎన్ని గుర్రాల బలమో ఆయనకి కంఠతా వచ్చు. ఒక్క బండీ ఎక్కి ఎరగడు. రెక్కలున్నవాడికి అవసరమేముంది?

గుండప్ప అన్నిటికంటే పెద్ద బండి ఎంచుకున్నాడు. దాని సీటు పరుపులా ఉంది.

“మావయ్యా, ఇది బండి కాదు, మంచం! పడుకుని రా!” అన్నాడు.

తిన్నని రోడ్డు మీద బాగానే పోయింది. మొదటి మలుపు వచ్చింది. బండి తిరగలేదు. తిరగనంటూ మెల్లగా పక్కకి ఒరిగి పడుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, దాన్ని లేపడానికి ఏనుగులు రావలసివచ్చింది. వెదురు చిగుళ్ళు తింటున్నవాళ్ళని మధ్యలో లేపితే ఏనుగులకి ఎంత కోపమో మీకు తెలియదు. సరే, అది వేరే సంగతి.

“బండిది తప్పు కాదు మావయ్యా, మలుపుదే!” అన్నాడు గుండప్ప.

మర్నాడు చుక్కమ్మ వంతు. ఎర్రది, బాణంలాంటిది ఒకటుంది. దానిమీదే ఆమెకి ఎప్పటినుంచో కన్ను.

“అదీ బండంటే! గాలి కూడా వెనకబడాల్సిందే!” అన్నాడు కబురయ్య.

చుక్కమ్మ ట్యాంకు మీదికి వంగి కూర్చుంది. అద్దంలో తన చుక్కలు తానే చూసుకుంది. ఒక్కతే కొంతదూరం దూసుకుపోయి వచ్చింది. ఒళ్ళంతా ఈల వేస్తున్నట్టుంది. ఆ హుషారులోనే భూషయ్యని ఎక్కించుకుంది.

వెనక సీటు జొన్నరొట్టెంత లేదు. పైగా ఎత్తు. బ్రేకు వేసినప్పుడల్లా భూషయ్య జారి ఆమె వీపు మీద పడుతున్నాడు. ఆ బరువంతా చుక్కమ్మ మణికట్ల మీదికి వస్తోంది.

“తాతా, దూరంగా సముద్రం ఏమైనా కనిపిస్తోందా?”

“నీ చెవులు కనిపిస్తున్నాయమ్మా. నా మోకాళ్ళు కూడా. గడ్డానికి తగులుతున్నాయి.”

సగం దారైనా రాకముందే తిరిగొచ్చేశారు. దిగాక భూషయ్య నడుము నిటారు కాలేదు. మంచినీళ్ళు అడిగాడు. చెంబు ఇస్తే, పట్టుకోబోయి దాని పక్కన గాలిని పట్టుకున్నాడు. అది చూసి చుక్కమ్మ చెంబుని తనే ఆయన చేతుల్లో పెట్టింది.

“ఏమే చుక్కా, నీ బాణం గురి తప్పిందా?” అన్నాడు గుండప్ప.

“నీ మంచం కన్నా నయమేలే. అది దారిలోనే నిద్రపోయింది!” అంది గానీ, ఆమె గొంతులో నవ్వు లేదు.

ఇక మిగిలింది మూలన గోనెపట్టా కింద ఉన్న బూడిదరంగు బండి.

“అదా?” అన్నాడు కబురయ్య. “అటు పరుగుకీ కాదు, ఇటు పడకకీ కాదు!”

ఈసారి చుక్కమ్మ బండి ఎక్కలేదు. భూషయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“తాతా, ముందు మీరు వెనక కూర్చోండి.”

భూషయ్య కూర్చున్నాడు. కాళ్ళు ఆనాయి. చేతులకి పట్టు దొరికింది. నడుము నొప్పి అనలేదు. అప్పుడు ఆమె ముందు కూర్చుంది. వంగనక్కర్లేదు, వాలనక్కర్లేదు. రెండు పాదాలూ నేలకి ఆనించి, ఆయన బరువుతో సహా బండిని అటూ ఇటూ వంచి చూసింది. ఇద్దరూ కలిసి మొదటి మలుపు దాకా పోయి వచ్చారు.

“ఎలా ఉంది తాతా?”

“అడిగావు చూడు,” అన్నాడు భూషయ్య. “పద.”

బండి పక్కపెట్టెల్లో ఒకదాంట్లో తేనె, ఒకదాంట్లో దుప్పటి పెట్టుకుని బయల్దేరారు. ముందంతా మంచు. ఎంత కావాలో అంత రోడ్డే కనిపిస్తోంది, మిగిలింది మూసుకుపోతోంది. కాఫీ తోటలు నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి పోతున్నాయి. పడుకున్న బిడ్డ పక్కకి తిరిగినంత మెత్తగా బండి మలుపు తిరుగుతోంది. అది ఒరిగితే భూషయ్య ఒరుగుతున్నాడు, లేస్తే లేస్తున్నాడు. కొంతసేపటికి తనే నడుపుతున్నాననుకున్నాడు.

చివరి మలుపులో మంచు విడిపోయింది.

“అదిగో తాతా!”

“ఏది సముద్రం?”

“కింద మెరుస్తున్నది.”

“మరి పైన మెరుస్తున్నది?”

“ఆకాశం.”

“నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయే!” భూషయ్య చాలాసేపు చూశాడు. “అయితే, అందరూ చూసిన దానికంటే పెద్ద సముద్రమే చూశాను.”

తిరుగుదారిలో ఆయన ఆమె వీపు మీద తల వాల్చి నిద్రపోయాడు. ఇల్లు చేరేదాకా బండి ఆ నిద్ర చెడగొట్టలేదు.

మళ్ళీ వానలు వచ్చేసరికి భూషయ్య లేడు. పోయేముందు అందర్నీ పిలిచి పంపకాలు చెప్పాడు. షెడ్డూ, బూడిదరంగు బండీ చుక్కమ్మకి. పెద్ద బండి గుండప్పకి. వాడు దానికి స్టాండు వేసి, మధ్యాహ్నాలు దానిమీద కునుకు తీస్తుంటాడు. ఎర్ర బండి మైదానంలో పందేలు వేసుకునే కుందేళ్ళకి. కబురయ్యకి ఏమీ లేదు.

వెనక సీటు మాత్రం ఎవరి పేరా చెప్పలేదు. అడిగినవాళ్ళదట.

ఒకరోజు కబురయ్య రేకు మీంచి దిగి, తల గోక్కుంటూ వచ్చాడు.

“చుక్కమ్మా, ఒక్కసారి ఎక్కనా?”

“ఎక్కు బాబాయ్. కాళ్ళు ఆనాయా, చెప్పు.”

ఆ రోజు కొండ దిగి మళ్ళీ ఎక్కేదాకా కబురయ్య నోట ఒక్క మాట రాలేదు.

నీతి: దూరం పోయే బండిని ముందు సీట్లో కూర్చుని ఎంచుకోకూడదు, వెనక కూర్చునేవాళ్ళని అడిగి ఎంచుకోవాలి.