చెమట చెప్పిన సాక్ష్యం

తాంబూలం పడనిదే రాజుగారికి అన్నం తిన్నట్టే ఉండదు. అలాంటిది ఆ ఏడు ముసురుకి కోట వెనక తమలపాకు తోటంతా బూజు తెగులు పాకింది. తోట చూసే తవిటమ్మ, రాజుగారి అనుమతితో కోట ఉగ్రాణం నుంచి బుట్టెడు బెల్లం తెచ్చుకుంది. నీళ్లలో పల్చగా కలిపి తీగల మీద చల్లింది. తీపి అందితే తీగ తనంతట తానే తెగులుకి ఎదురు నిలుస్తుందని ఆమె నమ్మకం. అన్నట్టే కొత్త చిగుళ్లకి మచ్చ రాలేదు.

ఉగ్రాణాధికారి వల్లభయ్యకి మాత్రం బెల్లం పోయిందన్న బాధ పోలేదు. ఒక ఆకు తెంపి నమిలి చూశాడు. వెంటనే తవిటమ్మని వెంటబెట్టుకుని, చెమటలు కక్కుతూ కోట మెట్లెక్కి సభకొచ్చాడు.

"ప్రభూ, ఆకు కారంగానే ఉంది. బెల్లం తాగిన ఆకు తియ్యగా ఉండొద్దూ? ఆ బెల్లమంతా దీని ఇంటికే చేరింది. సంకెళ్లు వేయించండి."

రాజు తవిటమ్మ వైపు చూశాడు. ఆమె తొణకలేదు.

"అయ్యగారు పొద్దున్నే ఏం తాగుతారో అడగండి ప్రభూ."

"కుండెడు చెరకురసం," అన్నాడు వల్లభయ్య గొప్పగా.

"అయితే అయ్యగారి చెమట తియ్యగా ఉండాలి. ఎవరినైనా రుచి చూడమనండి."

సభలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఎవరి చెమట వాళ్లే చూసుకోవడం మర్యాద అన్నాడు రాజు. వల్లభయ్య ముంజేతికి నాలుక ఆనించి మొహం చిట్లించాడు.

"ఉప్పగా ఉంది ప్రభూ."

"మరి రోజూ తాగిన చెరకురసం ఎవరింటికి చేరింది?" అనడిగింది తవిటమ్మ.

"ఎవరింటికీ చేరలేదు ప్రభూ, నా ఒంట్లోనే బలమైంది," అనేసి వల్లభయ్య నాలుక కరుచుకున్నాడు.

"మా తీగల మాటా అదేనయ్యా," అంది తవిటమ్మ. "ముసురింకా వదల్లేదు. ఇంకో బుట్ట బెల్లం ఇప్పించండి."