నడుం దాటిన బుట్ట

ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు చెప్పకుండా పని చెప్పడం పేరిందేవమ్మగారి అలవాటు. "దుఃఖం ఎందుకొస్తుందమ్మా?" అని అడిగిన ఒకావిడ చేత మూడు రోజులు పాత పుస్తకాలకి అట్టలు వేయించారు. ఆవిడకి జవాబు దొరికిందో లేదో తెలియదు గాని, పుస్తకాలు మాత్రం బాగుపడ్డాయి. తాండవ నది ఒడ్డున ఉన్న అమ్మగారి పెంకుటింటి సావిట్లో ప్రతి గురువారం మధ్యాహ్నం పాతికమంది ఆడవాళ్లు చేరేవారు. గంటసేపు వేదాంత గ్రంథం చదువుకోవడం, తరవాత రెండు గంటలు పాత కాగితాలతో పని. చేతులు ఊరికే ఉంటే నాలుక ఊరికే ఉండదని అమ్మగారి సిద్ధాంతం. వార్తాపత్రికలు, శుభలేఖలు, పిల్లలు రాసి పారేసిన నోటుపుస్తకాలు అక్కడికి వచ్చి, గుమ్మానికి తోరణాలుగానో, ఉత్తరాలు దోపుకునే గోడసంచులుగానో, గాజుల పెట్టెలుగానో మారి మళ్లీ ఇళ్లకి వెళ్లేవి.

ఆ పనిలో పదేళ్లుగా హైమవతిది పైచెయ్యి. స్కేలు పెట్టకుండా మడత పెడితే అంచు అంచుకి అతికినట్టు కలిసేది. శుభలేఖల్లో బంగారు పూత ఉన్న భాగం చూసి ఆమె చిలకలు కత్తిరిస్తుంటే పక్కవాళ్లు తమ పని ఆపి చూసేవారు. గురుపూర్ణిమనాడు గ్రంథాన్ని పెట్టి వీధంతా ఊరేగించే పెట్టె ఏటా ఆమె చేసిందే. ఆ పెట్టె వెనకాల, అమ్మగారి పక్కన, హైమవతి నడిచేది. ఏడాది మొత్తంలో ఆమె తనకోసం దాచుకున్నది ఆ పావుగంట నడక ఒక్కటే.

మాఘమాసంలో నూకరత్నం వచ్చి చేరింది. బజారు మలుపులో ఇస్త్రీ బండి వాళ్లావిడ. కత్తెర పట్టుకుంటే గీత వంకర పోయేది, జిగురు రాస్తే మోచేతిదాకా అంటుకునేది. ఆమెను చూసి హైమవతి మనసారా జాలిపడింది. జాలిపడినన్నాళ్లూ ఇద్దరూ బాగానే ఉన్నారు.

వేసవిలో ఒక గురువారం నూకరత్నం ఒక బుట్ట పట్టుకొచ్చింది. పాత పేపర్లు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, ఆ గుజ్జుని బోర్లించిన మట్టికుండ మీద పల్చగా తట్టి ఎండబెట్టి తీసిన బుట్ట. పైన పసుపు పూసి, కింద ఎర్రటి జాజు పట్టీ వేసింది. అంతే. దాన్ని అమ్మగారు చేతుల్లోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని మెంతుల వాసన చూశారు. "ఎన్నాళ్లయిందమ్మా ఇలాంటిది చూసి! మా మేనత్త చేసేది" అన్నారు.

హైమవతి లెక్క వేసుకుంది. పదేళ్లలో తను చేసినవి వందలున్నాయి. ప్రతి దానికీ అమ్మగారు "బాగుందమ్మా" అన్నారు. ఒక్కదానికీ మేనత్త గుర్తు రాలేదు.

ఆ రోజు నుంచి ఆమెకి వేదాంతం చెవికెక్కడం మానేసింది. గ్రంథం చదువుతున్నంతసేపూ కళ్లు నూకరత్నం గోళ్ల సందున ఎండిపోయిన గుజ్జు మీదే. బుట్టకి చీమలు పడతాయంది. వర్షానికి మెత్తబడుతుందంది. మెంతుల కంపుకి తనకి తలనొప్పి వస్తోందంది. చీమలు పట్టలేదు, బుట్ట మెత్తబడలేదు, తలనొప్పి ఒక్కటే నిజంగా వచ్చింది. పక్కింటి సుభాషిణి ఓదార్చబోయి, "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా వదినా" అంది. హైమవతికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

జ్యేష్ఠ బహుళంలో, ఉండబట్టలేక, అందరి ముందూ అడిగేసింది.

"అమ్మా, ఒకే గురువు దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా ఎందుకు దక్కుతుంది?"

ఎవరి గురించో సావిట్లో అందరికీ తెలిసింది, ఒక్క నూకరత్నానికి తప్ప. ఆమె కూడా జవాబు కోసం శ్రద్ధగా ముందుకు జరిగి కూర్చుంది. అమ్మగారు కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు.

"పౌర్ణమికి ఇంకా మూడు వారాలుంది. నాకు రెండు బుట్టలు కావాలమ్మా. ఒకటి గ్రంథానికి, ఇంకోటి నా చుట్టూ పడి ఉండే ఈ సామాను సర్దుకోవడానికి. ఒకటి నువ్వు చెయ్యి, ఒకటి నూకరత్నం చేస్తుంది. గుజ్జు బుట్టలే."

ఏది ఎవరిదో అమ్మగారు చెప్పలేదు. గ్రంథానికి అన్న మాట దగ్గరే హైమవతి చెవులు మూసుకుపోయాయి. రెండో మాట ఆమె వినలేదు. పెద్దదీ అందమైనదీ ఎవరు తెస్తే గ్రంథం వాళ్లదేనని తనకు తానే తీర్పు చెప్పుకుని ఇంటికి వెళ్లింది.

గుజ్జుపని ఆమెకి బొత్తిగా కొత్త కాదు. చిన్నప్పుడు సత్తుగిన్నె మీద తట్టిన అనుభవం ఉంది. అయితే కిటుకంతా నూకరత్నం కుండలో ఉందని ఆమెకి గట్టి అనుమానం. మర్నాడే ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లి, మొహాన నవ్వు పులుముకుని, కుండ ఎరువు అడిగింది. నూకరత్నం మారుమాట లేకుండా లోపలికి వెళ్లి, పాత తువ్వాల్లో చుట్టి తెచ్చి ఇచ్చింది. నల్లగా నిగనిగలాడే గుండ్రటి కుండ. పుట్టింటి నుంచి వస్తుంటే వాళ్లమ్మ ఇచ్చిందట.

"మరి నువ్వు దేని మీద చేస్తావు?" అంది హైమవతి.

"గిన్నె ఉందండి. దాని మీద తడతాను. ఒక్క మాటండి. కుండ నడుం దాటించకండేం. అక్కడికి ఆపెయ్యండి."

హైమవతి తలూపింది. దారి పొడుగునా ఆ మాటే నమిలింది. నడుం దగ్గర ఆపితే బుట్ట లోతు జానెడే ఉంటుంది. అంటే నూకరత్నం బుట్టంతే ఉంటుంది. ఓహో, అదా సంగతి! కుండ ఇచ్చినట్టే ఇచ్చి, బుట్ట మాత్రం తనదాన్ని మించకుండా కట్టడి చేసిందన్నమాట. పైకి కనిపించినంత అమాయకురాలేం కాదు. ఇంత దూరం ఆలోచించగలిగినందుకు హైమవతికి తన మీద తనకి కాస్త గౌరవం కూడా కలిగింది.

గుజ్జు మాత్రం శ్రద్ధగా రుబ్బింది. అందులో వంక పెట్టడానికి లేదు. కుండకి నూనె రాసి, బోర్లించి, అడుగు నుంచి మొదలుపెట్టి కిందికి తడుతూ వచ్చింది. నడుం దగ్గరికి వచ్చాక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నూకరత్నం మొహం గుర్తొచ్చింది. చెయ్యి ముందుకి పోయింది. ఒక వేలు, రెండు వేళ్లు, మొత్తం నాలుగు వేళ్ల మేర కుండ మెడ వైపుకి గుజ్జు తట్టి గాని ఊపిరి తీసుకోలేదు.

ఆషాఢం ముసురు పట్టింది. బుట్టని పగలు అరుగు మీదకీ చినుకు పడితే పంచలోకీ మోస్తూ, విసనకర్రతో విసురుతూ, పన్నెండు రోజులు కాపాడింది. నూకరత్నం రెండుసార్లు వచ్చి, "ఎలా వచ్చిందండి, చూడొచ్చా?" అంది. రెండుసార్లూ హైమవతి బుట్ట మీద చీర కప్పి, గుమ్మంలోనే నిలబెట్టి, ఇంకా ఆరలేదని పంపేసింది. ఆ చీర తీసి చూపించి ఉంటే గుజ్జు మెత్తగా ఉన్నప్పుడే విషయం తేలిపోయేది. కళ్లల్లో నిప్పులు పోసుకున్నవాళ్లకి ఎదుటివాళ్ల దిష్టి తగులుతుందని భయం కూడా ఎక్కువే.

ఆరిన తరవాత బుట్ట మీద పసుపు పూసింది. ఎక్కువ వేసిన ఆ నాలుగు వేళ్ల మేరా శుభలేఖల్లోంచి కత్తిరించిన చిలకల్ని వరసగా అతికించింది. ఇరవయ్యొక్క చిలకలు, ఒకదాని తోక ఇంకోదాని ముక్కుకి తగిలీ తగలనట్టు. ఆమె జీవితంలో అంత మంచి పని చెయ్యలేదు. చేసేటప్పుడు, ఒక పూటంతా, నూకరత్నం ఆమెకి గుర్తు రాలేదు కూడా.

పౌర్ణమి రెండు రోజులుందనగా బుట్ట ఊడదియ్యబోయింది. రాలేదు. అరచేత్తో చరిచింది. లాగింది. నూనె పోసి కాసేపాగి చూసింది. గుజ్జు ఎండేకొద్దీ బిగిసిపోయింది. గిన్నె మీద చేసినవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. గిన్నె అంచుకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, అందుకని ఎంత దూరం తట్టినా బుట్ట వచ్చేస్తుంది. కుండ నడుం దాటాక సన్నబడుతుంది. కుండ నడుం కన్నా బుట్ట మూతి ఇరుకైతే ఇక అది పైకెలా వస్తుంది? ఆమె భర్త కూడా కాసేపు పెనుగులాడి, "ఇది బుట్టలా లేదే, కుండకి కుట్టిన చొక్కాలా ఉంది" అని నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఎవరూ ఉండని వేళ చూసి, దాన్ని కొంగు చాటున పెట్టుకుని అమ్మగారింటికి వెళ్లింది. సావిట్లో అమ్మగారి దగ్గర నూకరత్నం ఉంది. గిన్నె మీద చేసిన బుట్ట తెచ్చి అప్పటికే ఇచ్చేసింది. గ్రంథం అందులో పట్టుబట్ట కప్పుకుని కూర్చుని ఉంది. హైమవతికి సంగతి అర్థమైంది. ఈ ఏడు ఆ పావుగంట నడక తనది కాదు. కొంగు తీసి, తను తెచ్చింది నేల మీద పెట్టింది.

నూకరత్నం ముందు చిలకల్ని చూసింది. "అబ్బ! ఎంత ముద్దుగా ఉన్నాయండీ! దీని కళ్లు చూడండమ్మా" అని ఒక్కొక్కదాన్నీ వేలితో తాకింది. ఆ తరవాత లోపల ఉన్న కుండ చూసింది. చెప్పాను కదండీ అంటుందని హైమవతి ఎదురుచూసింది. ఆ మాట అని ఉంటే ఆమెకి కొంత సుఖంగా ఉండేది. నూకరత్నం అనలేదు. పెరట్లోకి వెళ్లి రోకలి తెచ్చింది.

"లోపల చిన్నగా పొడిస్తే కుండ పెంకులై వచ్చేస్తదండి. బుట్టకేం కాదు."

"మీ అమ్మ ఇచ్చిన కుండ కదే!" అంది హైమవతి.

"అవునండి. అయితే ఏమైంది, కుండలు బోలెడు. ఈ చిలకల్ని కొయ్యడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయండి?"

హైమవతికి సిగ్గు కలగాల్సిన చోటు అది. కలిగింది కూడా, కాని దానికన్నా ముందు అసూయ కలిగింది. ఇంత తేలిగ్గా తన వస్తువుని వదిలేసుకోవడం దీనికెలా వచ్చింది? ఇది కూడా దీనికేనా? కృతజ్ఞత చూపించాల్సిన చోట కూడా ఏడుస్తున్న తన మనసుని చూసుకుని ఆమెకి మొదటిసారి భయం వేసింది. రోకలి లేచింది. హైమవతి చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు. చాకు ఇలా ఇయ్యి."

పట్టెమంచం మీద కూర్చున్న అమ్మగారు పక్కనున్న సామాను వెతికారు. తను కవర్లు చింపుకునే చాకు తీసి ముందుకి జరిపారు. కుండ నడుం ఎక్కడుందో హైమవతి వేలితో తడిమి చూసుకుంది. సరిగ్గా అక్కడ చాకు ఆనించి, చుట్టూ తిప్పుతూ కోసింది. మొదటి చిలక దగ్గర కళ్లు మూసుకుంది, తరవాత మూసుకోలేదు. కుండని మరీ దగ్గరగా ఒత్తుకుని నూకరత్నం అది కదలకుండా పట్టుకుంది. చుట్టు పూర్తయ్యేసరికి బుట్ట పైకి లేచి వచ్చింది. చిలకలున్న పట్టీ కుండ మెడ మీంచి జారి, గాజులా నేల మీద పడింది. కుండకి గీత కూడా పడలేదు.

బుట్ట అంచు ఒరుసుకుపోయి, పోగులు పోగులుగా ఉంది. లోతు జానెడు. అమ్మగారు దాన్ని తీసుకుని అటూ ఇటూ చూసి, తన కళ్లజోడు పెట్టె, మందుల చీటీలు, కలాలు, విప్పని ఉత్తరాలు అందులో పడేసి, కుడిచేతికి అందేచోట మోకాలి పక్కన పెట్టుకున్నారు. నూకరత్నం చిలకల పట్టీని దుమ్ము దులిపి, గుమ్మానికి కట్టడానికి మేకు వెతుకుతోంది.

హైమవతి మొహం తుడుచుకుంది. అంతా అయిపోయాక కూడా మనిషికి ఒక మాట మిగిలే ఉంటుంది.

"రెండు వారాలు నా బుట్టని వదలకుండా పట్టుకు కూర్చుందమ్మా ఈ కుండ!" అంది.

అమ్మగారు కుండని ఒళ్లోకి తీసుకుని, పైనున్న పసుపు తుడిచి, వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూశారు. ఖంగుమంది.

"కుండ ఎవర్నీ పట్టుకోలేదమ్మా" అన్నారు.