దానయ్య తలలో ఇసుక

నేను చెప్పేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఈ చేతిలో గరిటె పామై నన్నే కరవాలి. తుపాను నాడు సముద్రం మా ఆశ్రమం కొండెక్కి, వంటింట్లోకి తొంగిచూసి, ఉప్పు చాలిందా అని నన్నడిగి మరీ పోయింది. నవ్వకమ్మాయ్, నిజం.

ఆ ఉప్పెనలో కింది పల్లె పోయింది. మిగిలిన పిల్లలు ఇరవైమందినీ ఇక్కడికి తెచ్చారు. పెద్దస్వామి వాళ్ళకి వేరే మందేం ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజేం జరిగిందో చెప్పించేవారు. నిన్న ఆగిన చోటు నుంచి ఇవాళ ఒక్క అడుగు ముందుకు. చెప్పలేకపోతే ఊరుకునేవారు.

ఆడపిల్లలు ఏడ్చారు ఏడ్చారు, మా బావిలో నీళ్ళు నిలువెత్తు పెరిగాయి. నూకాలైతే తమ్ముడి చెయ్యి తనే వదిలేశానని నెల్లాళ్ళు అదే మాట. మగపిల్లలు మాత్రం "మాకేం లేదు సామీ" అని లేచిపోయేవారు. కట్టెలు కొట్టేవారు, ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునేవారు.

నలభయ్యో రోజున శిష్యుడు గౌరీపతి స్వామి దగ్గరికొచ్చాడు.

"మగపిల్లలు కోలుకున్నారు స్వామీ. దానయ్య మేనమామ వచ్చాడు, రేపే వాణ్ణి పడవెక్కించి వేటకి తీసుకెళ్తాడట. పంపేద్దామా? ఆడపిల్లలే ఇంకా తేరుకోలేదు."

దానయ్యకి పన్నెండేళ్ళు. వాడు నవ్వితే మూడూళ్ళ అవతల గేదెలు బెదిరేవి.

"పంపుదాం," అన్నారు స్వామి. "వెళ్ళే పిల్లాడికి తలంటు పొయ్యొద్దూ? నువ్వే పొయ్యి."

అది నూకాలి తలంటు రోజు కూడా. బావికి ఇటు నేను నూకాలికి, అటు గౌరీపతి దానయ్యకి పీటలు వేశాం.

నేను చెంబు ఎత్తగానే నూకాలు పీట అంచు పట్టుకుంది. "ఆగు మామ్మా." కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. "ఊఁ, ఇప్పుడు పొయ్యి." పోశాను. వెక్కివెక్కి ఏడ్చి, "ఇంకో చెంబు" అంది.

అటు గౌరీపతి "రారా, పడవ సరంగూ!" అంటూ చెంబు వంచాడు.

చప్పుడు లేదు. దానయ్య అతని మణికట్టు కరిచి పట్టుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. పెదవులు నీలంగా మారాయి.

ఆ ఒక్క చెంబుకే వాడి జుట్టులోంచి ఇసుక జారింది. సముద్రపు ఇసుక, గవ్వముక్కలతో సహా. నలభై రోజులుగా ఆ తల మీద నీటిచుక్క పడనివ్వలేదు వాడు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, తలకి నూనె పట్టించి, నిగనిగలాడుతూ వచ్చి బంతిలో కూర్చునేవాడు. పూటపూటా వడ్డించిన నేనూ చూడలేదు. ఇక్కడ ఒక్క ముక్క కూడా పెంచి చెప్పటం లేదమ్మాయ్.

గౌరీపతి నెత్తురు కారుతున్నా చెయ్యి లాక్కోలేదు.

"ఇన్నాళ్ళూ మనలో ఒక్కరమూ చూడలేదా స్వామీ?"

స్వామి పొడి తువ్వాలు తెచ్చి దానయ్య భుజాల మీద కప్పారు.

"ఏడ్చినవాళ్ళ పక్కన కూర్చున్నాం నాయనా. ఏడవనివాళ్ళ చేత కట్టెలు కొట్టించుకున్నాం."

మేనమామ ఒక్కడే కొండ దిగి వెళ్ళాడు.

ఇదంతా నిన్నటి మాట. గౌరీపతి చేతికి కట్టుంది, నాకా మోకాళ్ళు లేవు. నువ్వు లేచి సంతకెళ్ళి రెండు కేజీల కుంకుడుకాయలు పట్రా. ముందు వాటిని మగపిల్లల చేతే కొట్టించమన్నారు స్వామి. నీళ్ళ దాకా ఎప్పుడొస్తారో వాళ్ళిష్టమట.