హుసేనప్ప హుక్కా పలకలేదు

యూనుస్ పరీక్ష చేసి ఇచ్చిన హుక్కా ఒకటి రెండోసారి వెనక్కి వచ్చింది. అతను నోట పెడితే గుడగుడమని పలుకుతుంది. కొన్న మనిషి పెడితే పలకదు. ఇదేం విడ్డూరమో అతనికి బోధపడలేదు. కొండమీది దర్గాలో ఏటా జరిగే ఉరుసుకు తొమ్మిది రోజులే ఉంది. ఈ తొమ్మిది రోజుల్లో తన పనికి మచ్చ రాకూడదు.

ఎందుకంటే ఆ ఉరుసునాడు గురువు లతీఫ్ షా అతనికి ఇజాజత్ ఇవ్వాలి. ఇజాజత్ అంటే అనుమతి. ఇకమీదట నువ్వు వేరే ఊళ్ళో కూర్చోవచ్చు, నీ పేరున పని చేయవచ్చు, వచ్చినవాళ్ళకు దేవుని నామం చెప్పవచ్చు అని పదిమందిలో గురువు అనే మాట. యూనుస్ పదకొండేళ్ళుగా ఆ మాట కోసం కాచుకుని ఉన్నాడు. రాయచూరు బజారులో కూర్చోవడానికి చోటు కూడా చూసుకుని వచ్చాడు.

లతీఫ్ షా ఆదోనిలో కొండ కింద ఉండేవారు. ఫకీరైనా చేతిపని చేసుకునే తినాలని నియమం పెట్టుకున్నారు. ఆయన పని టెంకాయ హుక్కాలు చేయడం. ఇత్తడివీ వెండిపూత వేసినవీ చేసేవాళ్ళు పై వీధిలో వేరే ఉండేవారు. ఈయన చేసేవి బండివాళ్ళు, హమాలీలు, దూదేకులవాళ్ళు కొనుక్కునే చవక హుక్కాలు. నీళ్ళు పోసే ఎండిన టెంకాయ బుర్ర, దానిలోకి దిగిన కర్ర గొట్టం, గొట్టం తలమీద నిప్పూ పొగాకూ పెట్టే మట్టి చిలుము, పక్కన పీల్చుకోవడానికి సన్న వెదురు. బుర్రా గొట్టమూ కలిసిన చోట లక్క కరిగించి పోస్తారు. అంతే వస్తువు.

పరీక్ష ముగిసిన హుక్కా మెడకు ఆకుపచ్చ దారం కట్టడం అక్కడి ఆచారం. దారం ఎవరు కట్టారో ఆ హుక్కాకు వాళ్ళే జవాబు చెప్పుకోవాలి. మూడేళ్ళ నుంచి ఆ దారం కట్టేది యూనుస్.

అతని పరీక్ష చూడడానికే కొంతమంది వచ్చి నిలబడేవారు. ముందు ఖాళీ బుర్రను మోకాలెత్తు నుంచి నేలమీదికి వదిలేవాడు. పగలకపోతే దానిలో నీళ్ళు పోసి, అన్నం ఉడికేంతసేపు పొడిగుడ్డ మీద పెట్టేవాడు. గుడ్డ తడవకపోతే గొట్టం బిగించి, లక్క పోసి, ఆరాక వెదురు నోట పెట్టుకుని ఒక్క గుక్క లాగేవాడు. ఆ గుడగుడ వీధి దాటి ఎదురుగా బొరుగులమ్మే తిమ్మక్క దాకా వినబడేది.

"నీ పీల్పు పాడుగాను! నా బొరుగులు గూడా లేచొచ్చేట్టున్నాయి" అనేది తిమ్మక్క.

యూనుస్ ఊపిరి అలాంటిది. తెల్లవారుజామున శిష్యులందరూ చుట్టూ కూర్చుని ఊపిరి బిగబట్టి నామం తలుచుకునేటప్పుడు మిగతావాళ్ళు అరవై నామాలకో డెబ్భైకో వదిలేసేవారు. అతను రెండువందలు దాటించేవాడు. ఆ సంగతి అతనికి తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుసని కూడా తెలుసు.

వెనక్కి వచ్చిన హుక్కా దూదేకుల హుసేనప్పది. హుసేనప్ప మా వంశపు పెద్ద. ఈ సంగతి మా ఇంటి ఆడవాళ్ళ నోట ఇన్నాళ్ళు నిలవడానికి కారణం అదే. యాభై ఏళ్ళు దూది ఏకి ఏకి ఆయన రొమ్ము నిండా నూగు పేరుకుపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఒకచోట నిలబడేవాడు.

మొదటిసారి వచ్చినప్పుడు, "పలకలేదప్పా, కొంచెం చూడు" అన్నాడు.

యూనుస్ నోట పెట్టి లాగాడు. హుక్కా వీధంతా వినబడేలా పలికింది. "చూసినావా తాతా? అదిరిపోతోంది. తీసుకుపో." హుసేనప్ప తీసుకుపోయాడు.

రెండు రోజులకు మళ్ళీ వచ్చాడు. "నువ్వు లాగితే పలుకుతుంది నాయనా. ఇంటికి పోతే మూగది అయిపోతుంది."

యూనుస్ మళ్ళీ లాగాడు. మళ్ళీ పలికింది. అక్కడ నలుగురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు తన దారానికి మాట వస్తుందని అతనికి చిరాకు వేసింది.

"హుక్కాలో లోపం లేదు తాతా. లోపం నీ రొమ్ములో ఉంది. దానికి దారం కట్టినవాణ్ణి నేను కాదు."

కొనేవాళ్ళు నవ్వారు. తిమ్మక్క కూడా నవ్వబోయి, హుసేనప్ప ముఖం చూసి చేట అందుకుని బొరుగులు చెరగడం మొదలుపెట్టింది. ఆయన హుక్కాను పైగుడ్డలో చుట్టుకుని, ఆగి ఆగి నడుస్తూ వెళ్ళిపోయాడు.

లోపల లక్క కరిగిస్తున్న లతీఫ్ షా ఆ మాట విన్నారు. 

నాలుగు రోజుల తరువాత హుసేనప్ప మూడోసారి వచ్చాడు. ఈసారి యూనుస్ దగ్గరికి పోలేదు. నేరుగా లతీఫ్ షా ముందు కూర్చుని హుక్కాను ఆయన వైపు జరిపాడు.

"ఇది మీ దగ్గర పెట్టుకోండి సామీ. ఇంకెవరికన్నా ఇవ్వండి. నాకు దీంతో పని అయిపోయింది."

"ఏమైంది హుసేనప్పా?"

"మీ శిష్యుడు చూసి చెప్పినాడు గదా. నా ఊపిరే అయిపోవచ్చిందంట. నిజమే సామీ, నాకూ తెలుస్తోంది. కోడలితో చెప్పి తెల్లగుడ్డ తీసి పెట్టించినా." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పోయేలోపల కొండమీద దర్గా ఒకసారి చూడాలని ఉండె. ఎక్కలేను. ఇక్కణ్ణించే దండం పెట్టుకుని పోదామని వచ్చినా."

యూనుస్ తల దించుకుని దారం చుడుతున్నాడు. ఎగతాళికి అన్న మాటను ముసలాయన అంత దూరం తీసుకుపోయాడని అతను అనుకోలేదు.

"యూనుస్, తాతను పైకి తీసుకురా" అన్నారు లతీఫ్ షా.

"డోలీవాళ్ళను పిలుచుకు రానా హజ్రత్?"

"నీకు వీపు లేదూ?"

లతీఫ్ షా ఆ హుక్కాను చంకలో పెట్టుకుని ముందు నడిచారు. యూనుస్ హుసేనప్పను వీపున ఎక్కించుకుని వెనక నడిచాడు.

మెట్లు మూడువందల పైమాటే. మొదటి వంద సులువుగానే ఎక్కాడు. హుసేనప్ప గడ్డం అతని భుజానికి ఆనుకుని ఉంది. ఆయన ఊపిరి అతని చెవిలోనే ఆడుతోంది. సన్నగా, పిల్లి గురకలాగ. మధ్యలో తెగుతుంది. తెగినప్పుడల్లా యూనుస్ కాలు తెలియకుండానే మెట్టు మీద ఆగేది. మళ్ళీ అందుకున్నాక కదిలేది.

"బరువుగా ఉన్నానా అప్పా?"

"లేదు తాతా. దూది మాదిరి ఉన్నావు."

"ఉండు, దూది తడిస్తే ఎట్లుంటాదో పైకి పోయేసరికి తెలుస్తుంది."

తెలిసింది. చివరి మెట్లలో యూనుస్ కళ్ళకు చీకట్లు కమ్మాయి. దర్గా ముందు హుసేనప్పను దించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. గాలి లోపలికి పోతున్నట్టే లేదు.

లతీఫ్ షా అప్పటికే అక్కడి కుండలోని నీళ్ళు హుక్కాలో పోసి ఉంచారు. తెచ్చి శిష్యుడి చేతికి ఇచ్చారు.

"పరీక్ష చెయ్."

"ఇప్పుడా... హజ్రత్?"

"ఇప్పుడే."

యూనుస్ వెదురు నోట పెట్టుకున్నాడు. లాగాడు. శబ్దం లేదు. ఊపిరి చిక్కబట్టుకుని మళ్ళీ లాగాడు. నీళ్ళు కదలలేదు.

హుసేనప్ప గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఒక క్షణం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తరువాత నవ్వాడు.

"ఓరి నీ! నీక్కూడా పలకలేదా? నీ రొమ్ము గూడా పోయిందా ఏంది నాయనా?" నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. "కోడలికి చెప్పాల, ఆ తెల్లగుడ్డ మళ్ళీ పెట్టెలో పెట్టమని. ఊరికే దుమ్ము పడుతుంటుంది."

యూనుస్ నవ్వలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. అప్పుడు తన మామూలు గుక్క లాగాడు. హుక్కా పలికింది. ఆ తరువాత ఇందాకటి నుంచి చెవిలో ఆడిన ఊపిరిని గుర్తు చేసుకుని, అంతే సన్నగా, అంతే పొట్టిగా లాగాడు. పలకలేదు.

బొటనవేలు తడిచేసుకుని, సన్నగా లాగుతూనే, లక్క పోసిన మెడ చుట్టూ మెల్లగా తిప్పాడు. ఒకచోట వేలికి చల్లగా తగిలింది. అక్కడ వెంట్రుక పట్టనంత సందు ఉంది. గాలి అటునుంచి దూరుతోంది. తన గుక్క ముందు ఆ సందు లెక్కలోకి రాలేదు.

అతను తల ఎత్తి గురువు వైపు చూశాడు. లతీఫ్ షా అటు తిరిగి, హుసేనప్ప కూర్చోవడానికి నీడలో తన శాలువ పరుస్తున్నారు.



మర్నాడు పొద్దున తిమ్మక్క అంగడి తీస్తూ చూసింది. ఉరుసులో అమ్మడానికని యూనుస్ పరీక్ష చేసి వరసగా పెట్టిన అరవై హుక్కాల మెడలూ ఖాళీగా ఉన్నాయి. తెంపిన దారం ముక్కలు వాకిట్లో పచ్చగా పడి ఉన్నాయి.

"ఏమైందిరా యూనుసూ, మేకలు గానీ పడినాయా?" అని అడిగింది.

"నేనే తెంపినా తిమ్మక్కా."

"అన్నీనా?"

"అన్నీ."

ఉరుసు రోజు వచ్చింది. మూడోజాము నమాజు అయ్యాక శిష్యులూ పెద్దలూ గురువు వాకిట్లో చుట్టూ కూర్చున్నారు. గంధం ఊరేగింపు వచ్చింది. చదవవలసినవి చదివారు. లతీఫ్ షా యూనుస్ పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు.

"రోజూ మాదిరే పొద్దున్నే పెద్ద గంప నెత్తిన పెట్టుకుని దూదేకుల వీధికి పోయినాడు సామీ" అని దూరం నుంచి తిమ్మక్క చెప్పింది. "చెప్తానే ఉండా, ఈ రోజు పోవద్దురా అని. వింటేనా?"

లతీఫ్ షా లేచారు. ఎవరినన్నా పంపుతామని పెద్దలు అన్నారు. ఆయన వినిపించుకోకుండా తానే బయల్దేరారు. తిమ్మక్క పంచిపెట్టడానికి తెచ్చిన బొరుగుల బుట్టతోనే వెంట నడిచింది.

హుసేనప్ప ఇంటి వాకిట్లో దూది ఏకే విల్లు చూరుకు వేలాడుతోంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేలమీద హుక్కాలు వరసగా ఉన్నాయి. పొగాకు లేదు, నిప్పు లేదు, ఉత్త నీళ్ళే. పక్కన లక్క ముంత పెట్టిన చిన్న కుంపటి. హుసేనప్ప ఒక హుక్కా తీసుకుని తనకు వచ్చినంత గుక్క పీల్చి, కింద పెట్టి, చాలాసేపు ఊరుకునేవాడు. కోడలు నీళ్ళు ఇచ్చేది. మళ్ళీ ఇంకొకటి.

యూనుస్ ఆయన వెనక కూర్చుని, చెవి ఆయన వీపుకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇది పలకలేదప్పా."

"పక్కన పెట్టు తాతా. తొందర లేదు. ఊపిరి తీసుకో."

"ఉరుసుకు పోవా? నీకేదో ఇస్తారంట గదా ఈ రోజు?"

"ఇంకా ఇరవై ఉన్నాయి తాతా."

లతీఫ్ షా కంప కంచె ఇవతల నిలబడి కొంతసేపు చూశారు. తరువాత వెనక్కి తిరిగారు.

తిమ్మక్కకు ఉండబట్టలేదు. "అదేంది సామీ, పిలవకుండానే పోతారా? ఈ ఉరుసు దాటితే మళ్ళా ఏడాదే గదా. పాపం, పదకొండేళ్ళు కాచుకున్న బిడ్డ. ఆ ఇజాజత్తేందో ఇయ్యరా?"

"తీసుకుంటున్నాడు కదమ్మా" అన్నారు లతీఫ్ షా. "గట్టిగా మాట్లాడకు."