ఆదెమ్మ వాకిట్లో సూరయ్య

ఒకప్పుడు పగళ్ళన్నీ ఒకే కొలతగా ఉండేవి. పగలు ముప్పై గడియలు, రాత్రి ముప్పై గడియలు. చీమతలంత తేడా కూడా వచ్చేది కాదు.

ఎందుకంటే సూరయ్య ఏడు గుర్రాల బండికి ఆకాశంలో ఒకటే గాడి. పొద్దున్నే తూర్పున ఎక్కేవాడు, సాయంత్రం దానికి సరిగ్గా ఎదురుగా పడమట దిగేవాడు. కుడికి తిరిగేవాడు కాదు, ఎడమకు తిరిగేవాడు కాదు. వానకు మాత్రం వేళాపాళా ఉండేది కాదు. బుద్ధి పుడితే వచ్చేది, లేకపోతే లేదు.

ఆ రోజుల్లో నీడకొండ అని ఒక కొండ ఉండేది. గోడలా నిటారుగా నిలబడి ఉండేది. దానికి ఉత్తరాన, కొండకు ఆనుకునే, కుమ్మరి ఆదెమ్మ ఇల్లు. సూరయ్య గాడేమో కొండకు దక్షిణంగా ఉండేది. అందుకని ఆదెమ్మ వాకిట్లో ఎప్పుడూ నీడే. ఆరేసిన చీర మూడు రోజులకు గాని ఆరేది కాదు.

చీరైతే మూడు రోజులకైనా ఆరేది. కుండలకు ఆ మాత్రం యోగం కూడా లేదు. తిరిగే సారె మీద ఎంత అందంగా లేచినా, లోపల చెమ్మ అలాగే ఉండిపోయేది. చెమ్మ కుండను కాల్చడానికి ఆవంలో పెడితే ఊరుకుంటుందా? ఠప్పున పగులుతుంది. ఆదెమ్మ ఆవం పెట్టిందంటే ఊళ్ళో పిల్లలంతా చెవులు మూసుకునేవారు. ఠప్! ఠప్! ఠప్! పదింట్లో ఒక్కటి మిగిలితే ఆరోజు ఆమెకు పండగే.

ఊరివాళ్ళకు అదేం పెద్ద లోటనిపించలేదు. నీళ్ళు దాచుకోవడానికి ఎండిన ఆనపబుర్రలు ఉండేవి. కానీ ఒక ఏడు ఆనపతీగలకు తెగులు పట్టింది. ఒక్క కాయ ముదరలేదు. సరిగ్గా అప్పుడే వాన వచ్చిపడింది. జనం దోసిళ్ళు పట్టారు, కొంగులు పట్టారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఏం లాభం? వాన గలగలా నవ్వుకుంటూ వాగులో పడి సముద్రానికి పోయింది.

మర్నాడు ఊరిపెద్ద జోగినాయుడు ఆదెమ్మ ఇంటికొచ్చాడు.

"ఆదెమ్మా, ఇంటికో కాగు కావాలి. ఈసారి వానను కూడా వదులుకున్నామంటే ఇక ఊరు ఖాళీ చెయ్యాల్సిందే. అంతా నీ చేతుల్లో ఉంది" అన్నాడు.

"నా చేతుల్లోనే ఉంటే ఎప్పుడో చేసిచ్చేదాన్ని బాబూ. ఎండ చేతుల్లో ఉంది" అంది ఆదెమ్మ.

అన్నదే గాని ఆ మాట ఆమెను నిలవనియ్యలేదు. తెల్లారగానే కొంగు నడుముకు చుట్టి కొండెక్కింది. మిట్టమధ్యాహ్నానికి శిఖరం మీద నిలబడి కేకేసింది.

"సూరయ్య బాబూ! కాస్త ఆగు!"

"ఆగడం నాకు అలవాటు లేదమ్మా. నడుస్తూనే వింటాను, చెప్పు" అన్నాడు సూరయ్య.

"లోకమంతటికీ నీ ఎండ కాస్తుందంటారు. నా వాకిలి లోకంలో లేదా?"

సూరయ్య తెల్లబోయాడు. "కొండకు అటువైపు కూడా ఇళ్ళున్నాయా?"

"ఉన్నాయి. నలభై ఏళ్ళ బతుకులో నా వాకిట్లోంచి నిన్ను చూసిందే లేదు, ఇలా కొండెక్కాల్సి వచ్చింది, చూడు!"

"పోనీ, నీ కుండలే ఇటువైపు తెచ్చుకోరాదూ?"

"పచ్చికుండను కొండే కాదు, చేను దాటించినా దారిలోనే ముద్దయిపోతుంది. నీకంటే గుర్రాలున్నాయి. నా కుండకు కాళ్ళు లేవుగా!"

ఏడు గుర్రాలూ ఒక్కసారి సకిలించాయి. సూరయ్యకూ నవ్వొచ్చింది. కాసేపు ఆలోచించి, "గాడి లోతుగా పడిపోయింది ఆదెమ్మా. ఒక్కసారిగా తిప్పితే ఇరుసు విరుగుతుంది. రోజుకు బెత్తెడు చొప్పున జరుగుతాను, సరేనా?" అన్నాడు.

"బెత్తెడైతే మాత్రమేం? జరుగుతూ ఉంటే ఏదో ఒకరోజు వస్తావు" అంది ఆదెమ్మ.

ఆ మర్నాటినుంచి సూరయ్య ఉత్తరానికి జరగడం మొదలుపెట్టాడు. కొండ నీడ ఏరోజు ఎంతదాకా పడితే అక్కడ ఆదెమ్మ ఒక పెంకు పెట్టేది. పెంకులకు ఆ ఇంట్లో కొదవా? మొదటి పెంకు చేను అవతల ఉంది. తర్వాతది దానికి ఇవతల. ఆ తర్వాతది ఇంకా ఇవతల. పెంకుల వరుస ఇంటివైపు నడిచి వస్తోంది.

అయితే ఉత్తరపు దారి చుట్టుదారి. బండి తిరిగి దిగేసరికి రోజురోజుకూ ఆలస్యమయ్యేది, పొద్దున్నే ముందుగా బయల్దేరాల్సి వచ్చేది. పగలు పెరిగింది. కోళ్ళు నిద్ర చాలక కళ్ళు మూసుకునే కూసేవి. పిల్లలకు మాత్రం సంబరం. ఎంత ఆడినా పొద్దు గూకేది కాదు.

ఒకరోజు కొండ వెనకనుంచి చీకటమ్మ తొంగిచూసింది. "ఏమే ఆదెమ్మా! నేనొచ్చి ఎంతసేపైందో తెలుసా? ఈయన దిగేదాకా నేనిలా కొండచాటున నిలబడాలా? నా గడియలు తింటున్నారు మీరిద్దరూ!" అని విరుచుకుపడింది.

"కోప్పడకు చీకటమ్మా. కుండలు ఆరనీ. నీ గడియలు నీకు వచ్చేలా నేను చూస్తాను" అని మాటిచ్చింది ఆదెమ్మ.

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం సూరయ్య కొండ దాటి, ఆదెమ్మ నడినెత్తికి కాస్త ఉత్తరంగా వచ్చి నిలిచాడు. ఆ ఇంటి ఉత్తరపు గోడకు మొదటిసారి ఎండ తగిలింది. గోడమీది పాచి చిటపటలాడి రాలింది. ఆదెమ్మ నీడ ఎప్పుడూ లేనిది దక్షిణానికి పడింది. ఆమె దాన్ని చూసుకుని చిన్నపిల్లలా గంతేసింది.

కుండలు కరకరా ఆరాయి. ఆదెమ్మ ఆవం పెట్టింది. పిల్లలు చెవులు మూసుకుని నిలబడ్డారు. ఎంతసేపు చూసినా చప్పుడు లేదు! ఆవం విప్పితే నూరు కాగులు, ఎర్రగా, నిండుగా ఉన్నాయి. వేలితో కొడితే ఖంగుమన్నాయి.

పని అయిపోయింది. కానీ సూరయ్య కదల్లేదు! సారె తిరగడం చూస్తూ ఆ వాకిట్లోనే కూర్చుండిపోయాడు. రాత్రికి దిగినా, తెల్లారితే మళ్ళీ అక్కడికే. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. బెత్తెడు కూడా జరగలేదు. సముద్రం మీద మబ్బులు బయల్దేరి, ఆయన్ను చూసి దడుచుకుని దూరంగానే ఆగిపోయాయి. చెలమలు ఎండాయి. నూరు కాగులున్నా, పోసుకోవడానికి చుక్క నీరు లేదు.

"పొమ్మని చెప్పవే! నాకు ఇరవై ఏడు గడియలే మిగిలాయి" అంది చీకటమ్మ.

"రమ్మని పిలిచిన నోటితో పొమ్మని ఎలా అనను?" అని ఆదెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంట్లో ఒక్క ముంతెడు నీళ్ళున్నాయి. వచ్చినవాడికి మంచినీళ్ళైనా ఇవ్వలేదే అని గుర్తొచ్చి, ఆ ముంత తెచ్చి సూరయ్యకు అందించింది. ఆయన గటగటా తాగి, చల్లగా నిట్టూర్చాడు.

"నువ్వు తాగవేం, ఆదెమ్మా?"

"తర్వాత తాగుతాలే, బాబూ."

సూరయ్య పక్కనున్న కాగులోకి చూశాడు. ఖాళీ. ఇంకోదాంట్లోకి చూశాడు. అదీ ఖాళీయే. ఆదెమ్మ పెదవులు చూశాడు. ఎండి చిట్లి ఉన్నాయి. దూరంగా ఆగిన మబ్బులు కూడా అప్పుడు కనిపించాయి.

"నావల్లేనా? ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"పిలిచినదాన్ని నేనే కదయ్యా."

సూరయ్య గబగబా లేచాడు. బండి దక్షిణానికి తిప్పాడు. "అయితే నే వెళ్తా" అన్నాడు.

"అయ్యో! అలా అనకూడదు" అని ఆదెమ్మ చేతులు అడ్డం పెట్టింది. "మా ఇళ్ళల్లో ఎవరూ వెళ్తా అనరు. వెళ్ళొస్తా అనాలి."

సూరయ్య అంతకుముందు ఎవరి వాకిట్లోనూ కూర్చున్నవాడు కాదు. లేచి వెళ్ళేటప్పుడు ఏమనాలో ఆయనకేం తెలుసు? "వెళ్ళొస్తా, ఆదెమ్మా!" అన్నాడు నిండుగా నవ్వుతూ.

ఆయన ఒక్క బెత్తెడు జరిగాడో లేదో, మబ్బులు పరుగెత్తుకొచ్చాయి. నూరు కాగులూ పొంగిపొర్లాయి. చీకటమ్మ బాకీ తీరాలని సూరయ్య పాత గాడి దాటి అవతల దక్షిణపు కొసదాకా వెళ్ళాడు. ఆమె గడియలు ఆమెకు పూర్తిగా ముట్టాకే వెనక్కి తిరిగాడు. వస్తానని చెప్పాడాయె, రాకుండా ఎలా ఉంటాడు?

అప్పటినుంచే సూరయ్య ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి నడుస్తున్నాడు. అప్పటినుంచే ఏటా ఏరువాక రోజుల్లో ఉత్తరపు కొసకు చేరి, కదిలీ కదలనట్టు నాలుగు రోజులు కూర్చుంటున్నాడు. ఏడాదిలో అన్నిటికంటే పొడుగు పగలు అప్పుడే. మిట్టమధ్యాహ్నం మన నీడ దక్షిణానికి పడేదీ, ఉత్తరపు గోడలు వెచ్చబడేదీ ఆ రోజుల్లోనే. ఇక ఆయన అటు తిరిగాడంటే చాలు, ఇటు చినుకు మొదలు.