బోయీ భుజం, రాజుగారి తల

వెనకటికి ఒక రాజు తన వీరత్వం లోకానికి తెలిసేలా నిలువెత్తు చిత్రం గీయమన్నాడు. ఆస్థాన చిత్రకారుడు పల్లకీ మోసే బోయీ సింగన్నను ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబెట్టి గీసి, ఆ ఒంటికి రాజుగారి తల తగిలించాడు. కొలువంతా ఆహా అంది.

రాజుకు మాత్రం గుట్టు బయటపడుతుందేమోనని అనుమానం పట్టుకుంది. సింగన్నను నిండు కొలువుకు రప్పించాడు.

"ఒరేయ్, ఆ ఒళ్ళు నీదని వాడల్లో చెబుతున్నావట. మాదేనని ఒప్పుకుంటావా, నాలుక కోయించమంటావా?"

ఒళ్ళు దోచుకున్నవాడే సాక్ష్యమూ అడుగుతున్నాడు అనుకున్నాడు సింగన్న. బొమ్మ వంక చూశాడు. చిత్రకారుడు ఉన్నదున్నట్టు గీశాడు. పల్లకీ మోసి మోసి భుజం మీద కాచిన కాయతో సహా.

"తమదే ప్రభూ! ఊరంతా చాటుతాను. కాకపోతే, ఆ కాయ చూసి 'మన రాజుగారు ఎవరి పల్లకీ మోశారురా?' అంటారు జనం. ఏ రాజు పేరు చెప్పమంటారు?"

కొలువులో కూర్చున్న పొరుగు రాజ్యపు రాయబారి మీసం చాటున నవ్వాడు. రాజు ముఖం కందిపోయింది.

"ఛీ! ఆ ఒళ్ళు నీదేరా! తల ఒక్కటే మాది!"

"వాడల్లో నేను చెప్పిందీ అదే కదా ప్రభూ," అన్నాడు సింగన్న.