ట్రెండ్ వస్తోంది, చూడండి!

నల్లగుట్ట అడవిలో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు, కొండముచ్చులు కలిసి ఉండేవి. ఒక చిరుతపులి కూడా ఉండేది. అది ఎవరితోనూ కలిసేది కాదు.

దీర్ఘవాలుడనే కొండముచ్చు ఆ అడవికి కావలి. నేరేడు చెట్టు చిటారుకొమ్మన కూర్చుని, చిరుత కనబడగానే "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. కింద మేస్తున్న దుప్పులు పరుగు తీసేవి. అసలు కొండముచ్చులది దుబారా జాతి. పండు సగం కొరికి సగం పారేస్తాయి. ఆ ఎంగిలి పళ్ల కోసమే దుప్పులు మొదట ఆ చెట్టు కిందికి చేరాయి. కొన్ని స్నేహాలు అలాగే మొదలవుతాయి. సరే, కథకు వద్దాం.

దుప్పుల్లో తరళ అనేదానికి పదిరోజుల కూన ఉంది. కూన కాళ్లింకా తడబడుతున్నాయి. అందుకే తరళ అందరికన్నా ఎక్కువగా ఆ అరుపును నమ్ముకుంది.

అడవి అంచున యాత్రికులు దిగే బంగళా ఒకటి ఉంది. ఆ వేసవిలో దీర్ఘవాలుడు దాని పెంకుల మీద కూర్చుని ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాడు.

"నెమలి స్టైలిష్. కుందేలు క్యూట్. తరళక్కా, నీ నడక ఔట్‌డేటెడ్" అన్నాడు ఒకనాడు.

"అంటే ఏమిటి తమ్ముడూ?"

"అర్థాలు అడిగేవాళ్లనే ఔట్‌డేటెడ్ అంటారు."

అందరూ నవ్వారు. తరళ తన కూన వైపు తిరిగి దాని చెవి నాకింది.

మరోనాడు బంగళాలో ఒకావిడ పసుపుపచ్చ శాలువా కప్పుకుంది. దాని నిండా నల్ల మచ్చలు. స్నేహితురాళ్లు చుట్టూ చేరి, "అబ్బ! ఇప్పుడు ఇదే ట్రెండ్!" అన్నారు. ఆ శాలువా పేరే ట్రెండ్ అనుకున్నాడు దీర్ఘవాలుడు.

అడవికి వచ్చి చెప్పాడు. "ట్రెండంత అందమైనది లోకంలో లేదు. అది ఇటు వస్తే మీకు చెబుతాను. ఇక ఆ ఖక్ ఖక్ అంటారా, అది మోటు. నా నోట రాదు."

"మరి చిరుత వస్తే ఏమంటావు తమ్ముడూ?" అంది తరళ.

"అప్పటికి ఏదో ఒక మంచి మాట దొరుకుతుందిలే అక్కా."

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం వేళ ఎండుగడ్డిలో పసుపుపచ్చగా ఏదో కదిలింది. మీద నల్ల మచ్చలు. తలా తోకా గడ్డిలో దాగి ఉండడంతో దీర్ఘవాలుడికి ఆ శాలువాయే గుర్తొచ్చింది.

"ట్రెండ్! ట్రెండ్ వస్తోంది! రండి, చూడండి!" అని కేకేశాడు దీర్ఘవాలుడు.

దుప్పులు మెడలు చాచి గడ్డివైపు నడిచాయి. అందరికన్నా ముందు తరళ కూన నడిచింది. ఇంతలో గాలి మళ్లింది. తరళ ముక్కుకు పచ్చినెత్తురు వాసన తగిలింది. అది ఒక్క దూకుతో కూనకు అడ్డం నిలిచి, డెక్కతో నేలను తన్నింది.

"ఆగండి! ట్రెండంటే ఏమిటో మీలో ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. అందరూ ఆగారు.

దీర్ఘవాలుడు మాత్రం దగ్గరగా చూడాలని కింది కొమ్మకు దిగాడు. పొడుగాటి తోక కిందికి వేలాడింది. గడ్డిలోంచి చిరుత ఎగిరింది. సగం తోక దాని నోట్లోకి పోయింది.

"ఖక్! ఖక్! ఖక్!"

ఆ అరుపుతో మంద మొత్తం వాగు దాటింది. తడబడుతూనే కూన కూడా దాటింది.

సాయంత్రం నెమలి పలకరించింది. "ఏం బాబాయ్, సగం తోక ఇప్పుడు ట్రెండా?"

అందరూ నవ్వారు. దీర్ఘవాలుడు మిగిలిన తోకను ఒళ్లోకి లాక్కున్నాడు. తరళ మాత్రం నవ్వలేదు.

"తమ్ముడూ, చివర్లో నువ్వన్న మాటకు అర్థం నా కూన కూడా అడగలేదు" అంది.

మర్నాటి నుంచి మంద తరళ వెనకే మేతకు నడిచింది. దీర్ఘవాలుడు మళ్లీ చిటారుకొమ్మ ఎక్కాడు.

నీతి: అర్థం తెలియని మాటను గొప్ప కోసం వాడితే ముప్పు తప్పదు, ఆపదలో ఆదుకునేది అందరికీ తెలిసిన మాటే.